ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడకుండా రావడం ఎలా

మన వైపు షార్ట్ ఫిల్మ్ తీసిన పిల్లలు నవంబరు దగ్గర పడేసరికి నాకు ఫోన్ చేస్తారు. అందరి ప్రశ్నా ఒకటే. "అక్కా, గోవా ఫెస్టివల్‌కి వెళ్తున్నాం, అక్కడ ఎవరిని కలిస్తే పనవుతుంది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

నేను పాలకొల్లులో లోకల్ కేబుల్‌లో వార్తలు చదివినదాన్ని. ఇప్పుడు మా ఊళ్ళో సినిమాలు వేసి చర్చ పెట్టే చిన్న ఫిల్మ్ సొసైటీ పనులు చూస్తున్నాను. ఫెస్టివల్‌కి వెళ్ళడం ఆ పనిలో భాగం. నలుగురిలో చొరవగా కలిసిపోయే రకం కాదు నేను. ఈ గైడ్ నాలాంటివాళ్ళ కోసమే. పుట్టుమాటకారులకి నా సలహాలు అక్కర్లేదు, వాళ్ళు ఇంకాస్త తక్కువ మాట్లాడితే క్యూలో వెనకున్న మాకూ ప్రాణం సుఖపడుతుంది.

ముందు ఒక ఐరిష్ ఆవిడ గురించి

కెరీర్ ఎలా కట్టుకోవాలి అని అడిగేవాళ్ళకి నేను ఫిలింనగర్ కథలు చెప్పను, లీలియా డూలన్ గురించి చెప్తాను. 1934లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టారు. ఆ దేశంలో టీవీ మొదలైందే 1961 డిసెంబరు 31 రాత్రి. ఆ తొలి రోజుల్లోనే ఆవిడ ఆర్‌టీఈ అనే ప్రభుత్వ ప్రసార సంస్థలో చేరి, తెర మీదా తెర వెనకా పని చేశారు. 1965లో అక్కడ 'ది రియోర్డన్స్' అని ఒక రైతు కుటుంబం సీరియల్ మొదలైంది. స్టూడియోలో అట్టముక్కలతో పల్లెటూరు కట్టకుండా, కెమెరాలని ఊళ్ళోకే తీసుకుపోయి పొలాల్లో తీశారు. సాగులో కొత్త పద్ధతుల్ని కథలో కలిపి రైతుల చెవిన వెయ్యడం దాని ఉద్దేశాల్లో ఒకటి. దానికి దర్శకత్వం చేసినవాళ్ళలో డూలన్ ఒకరు. విజయవాడ రేడియోలో పాడిపంటలు వింటూ బతికిన మా నాన్నగారికి ఈ సంగతి చెప్తే "అయితే మన కార్యక్రమమేనే" అని తేల్చేశారు.

తర్వాత '7 డేస్' అనే వర్తమాన వ్యవహారాల కార్యక్రమం నడిపారు. వినోద విభాగానికి అధిపతి కూడా అయ్యారు. 1969లో సంస్థ నడుస్తున్న తీరు నచ్చక ఆ ఉద్యోగం వదిలేసి, మరో ఇద్దరు సహోద్యోగులతో కలిసి ఎందుకు వదిలేశారో ఒక పుస్తకమే రాశారు. అక్కణ్ణుంచి డబ్లిన్‌లో వాళ్ళ జాతీయ నాటకశాల అబీ థియేటర్‌కి ఆర్టిస్టిక్ డైరెక్టర్, అంటే ఏ నాటకాలు వెయ్యాలో తేల్చే మనిషి. ఆ తర్వాత బెల్ఫాస్ట్‌లో మానవశాస్త్రంలో డాక్టరేట్. మన ఇళ్ళల్లో అయితే ఈపాటికి "ఈవిడకి ఎక్కడా నిలకడ లేదు" అని పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాళ్ళు.

మనకి కావలసిన ముక్క ఇప్పుడొస్తుంది. ఐర్లండ్‌లో సినిమాలకి డబ్బు సాయం చేసే ఫిల్మ్ బోర్డు ఒకటి ఉండేది. 1980ల మొదట్లో మొదలైంది, 1987లో ప్రభుత్వం మూలన పడేసింది. చిన్న దేశం, సినిమా తీసేవాళ్ళకి ఉన్న ఒక్క ఆధారం పోయింది. సరిగ్గా ఆ ఖాళీ రోజుల్లో, 1989లో, డూలన్ మరికొందరితో కలిసి పడమటి తీరాన గాల్వే అనే ఊళ్ళో ఒక ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టారు. పేరు గాల్వే ఫిల్మ్ ఫ్లా. ఇప్పటికీ ప్రతి జూలైలో జరుగుతుంది. పగలంతా టౌన్ హాల్ థియేటర్‌లో సినిమాలు. రాత్రి పక్కనే కారిబ్ నది ఒడ్డున పడవ పందాల క్లబ్బు ఉంది, రోయింగ్ క్లబ్ అంటారు, అందరూ అక్కడ చేరతారు. మొదటి సినిమా తీసిన కుర్రాడూ, నిధులిచ్చే అధికారీ, పేరున్న దర్శకుడూ ఒకే గదిలో ఇరుక్కుని నిలబడాల్సిందే, ఎందుకంటే వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

1993లో మైకేల్ డి. హిగిన్స్ కళల మంత్రిగా ఉండగా (తర్వాత ఆయన దేశాధ్యక్షుడయ్యారు) ఫిల్మ్ బోర్డుని మళ్ళీ తెరిచారు. అధ్యక్షురాలిగా కూర్చోబెట్టింది డూలన్‌ని. అదే ఇప్పుడు స్క్రీన్ ఐర్లండ్ అన్న పేరుతో నడుస్తోంది.

ఆవిడ కుర్చీ కోసం తిరిగి కుర్చీ సంపాదించినట్టు నాకు కనపడదు. డబ్బు లేని రోజుల్లో నలుగురు కూర్చునే చోటు ఏర్పాటు చేశారు, డబ్బు తిరిగొచ్చేసరికి ఆ నలుగురికీ తెలిసిన మనిషి ఆవిడే అయ్యారు. ఫెస్టివల్లో మనుషుల్ని కలవడం గురించి నేను చెప్పేదంతా ఇందులోంచి వచ్చిందే.

బయల్దేరే ముందు

మీరు వెళ్ళే గోవా ఫెస్టివల్ పేరు ఇఫీ, అంటే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 1952లో మొదలైంది. ఊళ్ళు మారుతూ తిరిగి, 2004 నుంచి గోవా పణజీలో స్థిరపడింది, నవంబరు మూడో వారం తర్వాత. డెలిగేట్ పాస్‌కి ఆన్‌లైన్లో ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. షాలిమార్ నుంచి వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ మనకి నేరు బండి, వారంలో కొన్ని రోజులే ఉంటుంది. అమలాపురం, రావులపాలెం వాళ్ళు రాజమండ్రిలో ఎక్కండి, మా నర్సాపురం, భీమవరం వైపు వాళ్ళకి విజయవాడ వెళ్ళి ఎక్కడం తేలిక. మడగావ్‌లో దిగితే పణజీకి బస్సులుంటాయి.

బస పణజీలో ఖరీదు. మాండవి నదికి అవతలి ఒడ్డున బెతిమ్ వైపు కొంచెం తక్కువలో దొరుకుతుంది. నది దాటడానికి ఫెర్రీ ఉంది, నడిచి ఎక్కేవాళ్ళకి టికెట్ లేదు. కోటిపల్లి, ముక్తేశ్వరం పంటు ఎక్కి కాలేజీకి వెళ్ళిన వాళ్ళకి కొత్తేమీ కాదు. ఆ ఫెర్రీలో మెడలో డెలిగేట్ కార్డు వేలాడుతున్న మనిషి కనిపిస్తే మాట కలపడానికి అంతకంటే మంచి చోటు లేదు. నది దాటేదాకా ఇద్దరూ ఎక్కడికీ పోలేరు, దాటాక ఇద్దరూ మర్యాదగా విడిపోవచ్చు.

మీ సినిమా మీ దగ్గర ఎలా ఉండాలి? ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసిన కాపీ, పాస్‌వర్డ్ పెట్టిన ప్రైవేటు లింకు. యూట్యూబ్‌లో పబ్లిక్‌గా పెట్టేశారంటే కొన్ని ఫెస్టివల్స్ ఇక తీసుకోవు, ముందే ఆయా నిబంధనలు చదువుకోండి. సబ్‌టైటిల్స్ మాత్రం మన మాట తెలిసిన మనిషి చేతే రాయించండి. "ఏరా, ఎక్కడ సచ్చావ్" అన్నదాన్ని తు.చ. తప్పకుండా అనువదించి, ప్రేమగా పిలుస్తున్న తల్లిని హంతకురాలిని చేసిన కాపీ ఒకటి చూశాను.

విజిటింగ్ కార్డు వేయించండి. భీమవరంలో, రాజమండ్రిలో ఏ ప్రింటింగ్ ప్రెస్సులోనైనా ఒక్క రోజులో ఇస్తారు. పేరు, ఫోను, మెయిలు, వెనక మీ సినిమాలోంచి ఒక స్టిల్లు. "రైటర్, డైరెక్టర్, ఎడిటర్, యాక్టర్, లిరిసిస్ట్" అని అయిదూ వెయ్యకండి. ఏదో ఒకటి.

రెండు వాక్యాలు

"మీ సినిమా దేని గురించి?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దీనికి నూటికి తొంభైమంది చెప్పే జవాబు "ఇదొక ఎమోషనల్ జర్నీ అండి." అది విన్న మనిషి కళ్ళు మీ భుజం మీదుగా కాఫీ కౌంటర్ వైపు వెళ్ళిపోతాయి.

మనిషిని చెప్పండి, చోటు చెప్పండి, చిక్కు చెప్పండి. "గోదావరి మధ్య లంకలో ఒక ముసలావిడ. వరదొచ్చి ఊరంతా పడవెక్కుతుంటే గేదెని పడవెక్కించే దాకా తనూ ఎక్కనంటుంది." అంతే. వినేవాడికి లంక అంటే తెలియకపోతే అడుగుతాడు. అడిగితే మీకు పండగే, ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలడం దగ్గర నుంచీ చెప్పుకోవచ్చు. ఆగస్టులో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే లంకల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసినంతగా ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు.

ఈ రెండు వాక్యాల్ని తెలుగులో ముందు సరిచూసుకోండి, తర్వాత ఇంగ్లీషులో బట్టీ పట్టండి. "నా ఇంగ్లీషు బాగోదక్కా" అని టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. అక్కడికి ఇరాన్ నుంచి, కొరియా నుంచి, పోలండ్ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంగ్లీషు మన డిగ్రీ కాలేజీ ఇంగ్లీషు కంటే మెరుగేం కాదు. వాళ్ళకి సిగ్గు లేదు, అదొక్కటే తేడా.

క్యూ

మన వైపు కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి?" ఫెస్టివల్లో ఆ స్థానంలో ఉండే ప్రశ్న "ఏం చూశారు?" పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ తర్వాతే. పణజీలో ఐనాక్స్ బయట, పాత మెడికల్ కాలేజీ భవనం పక్కన, ప్రతి సినిమాకీ ముందు క్యూ కడతారు. సీటు ఫోన్లో బుక్ చేసుకున్నా క్యూ తప్పదు. బుకింగ్ దొరకని వాళ్ళకి వేరే లైను. నా అనుభవంలో పార్టీలో కంటే ఈ బుకింగ్ దొరకని లైన్లోనే ఎక్కువమంది స్నేహితులయ్యారు. అక్కడ నిలబడ్డవాళ్ళందరికీ ఒకే బాధ కాబట్టి మాట దానంతట అదే మొదలవుతుంది.

"ఏం చూశారు?" అని అడిగాక మీ పని వినడం. ఆ మనిషి చెప్పిన సినిమా మీరు చూడకపోతే చూడలేదనే చెప్పండి, ఎందుకు చూడాలో అడగండి. చూసి ఉంటే అందులో ఒక షాట్ గురించో ఒక పాత్ర గురించో చెప్పండి. "సూపర్ అండి" అంటే ఆ సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. రోజుకి నాలుగైదు సినిమాలు చూస్తే బుర్ర పులుసైపోతుంది, అందుకని హాల్లోంచి బయటికి రాగానే చిన్న నోటుబుక్కులో ఒక్క లైను రాసుకోండి. మర్నాడు క్యూలో ఆ లైనే ఆదుకుంటుంది.

సినిమా అయ్యాక దర్శకుడితో ప్రశ్నలు, జవాబులుంటాయి. మైకు దొరికింది కదా అని మీ బయోడేటా చదవకండి. "నేను పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చాను, నేను కూడా ఒక షార్ట్ ఫిల్మ్ డైరెక్టర్ని" అని మొదలెట్టి రెండు నిమిషాలు తిని, చివరికి ప్రశ్నే లేకుండా కూర్చున్నవాళ్ళని చూశాను. హాలంతా మొహం గుర్తుపెట్టుకుంటుంది, అయితే మనం కోరుకునే రకంగా కాదు. ఒకే ప్రశ్న, చిన్నది, సినిమా గురించే. ఆ తర్వాత వరండాలో ఆ దర్శకుడే మిమ్మల్ని పలకరించే అవకాశం ఉంది.

పూతరేకుల వ్యవహారం

ఇది సీరియస్ సలహానే. ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా తీసుకెళ్ళండి. పంచదారవి కాదు, బెల్లంవి. కాగితం డబ్బా రైల్లో నలిగిపోతుంది, స్టీలు డబ్బాలో అడుగున మెత్తటి గుడ్డ వేసి, ఒక్కోటి విడిగా కాగితం చుట్టి పేర్చండి. ఎండలో పెట్టకండి, నెయ్యి ఊరి కాగితం అంతా జిడ్డవుతుంది.

క్యూలో డబ్బా తెరిస్తే ఏమవుతుందో చూడండి. తెలియనివాళ్ళు దాన్ని కాగితమే అనుకుని విప్పబోతారు. "అదీ తినేదే" అని చెప్పాలి. కొరకగానే పొర పెళుసుగా విరిగి, బెల్లం పొడి, జీడిపప్పు పలుకులు మెడలో కార్డు మీద రాలతాయి. ఆ దులుపుకోవడంలో ఎంత పెద్ద మనిషైనా మామూలు మనిషైపోతారు. ఇదెలా చేస్తారు అని అడుగుతారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్ళల్లో తడిపిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుందని చెప్పండి, వీలైతే ఫోన్లో వీడియో చూపించండి. డాక్యుమెంటరీ తీసేవాళ్ళెవరైనా ఉంటే ఊరెక్కడ అని అడ్రసు రాసుకుంటారు. మీరు ఇక మీ పేరు రెండోసారి చెప్పక్కర్లేదు, వాళ్ళకి మీరు "ఆ కాగితం స్వీటు ఆవిడ".

ఒక్క జాగ్రత్త. నిధులిచ్చే అధికారికో, సెలెక్షన్ కమిటీలో ఉన్నవాళ్ళకో డబ్బా డబ్బా చేతిలో పెట్టకండి. అందరితో పాటు ఒకటి ఇస్తే మర్యాద, విడిగా పిలిచి కిలో ఇస్తే ఇంకోలా ఉంటుంది.

అధికారులతో మాట్లాడటం

మనవాళ్ళకి అధికారి అంటే రెండే తెలుసు. అయితే భయం, లేకపోతే కాళ్ళబేరం. రెండూ ఇక్కడ పనికిరావు. ఫిల్మ్ బోర్డు, ఎన్‌ఎఫ్‌డీసీ (మన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) లాంటి సంస్థల్లో పనిచేసేవాళ్ళ చేతిలో సొంత డబ్బు ఉండదు. పథకం ఉంటుంది, గడువు ఉంటుంది, కమిటీ ఉంటుంది. డూలన్ లాంటి అధ్యక్షురాలైనా బోర్డు సభ్యుల మధ్య కూర్చుని నిర్ణయించాల్సిందే, పార్టీలో గ్లాసు పట్టుకుని "నీకిచ్చేశాను పో" అనడానికి లేదు. ఈ సంగతి తెలిస్తే మీరు వాళ్ళని అడగాల్సింది కూడా తెలుస్తుంది. "సార్, మాకొక ఛాన్స్ ఇప్పించండి" అంటే వాళ్ళు చేయగలిగిందేమీ లేదు. "మొదటి సినిమా తీసేవాళ్ళకి ఏ పథకం ఉంది? స్క్రిప్టు దశలో పంపాలా, షూటింగ్ అయ్యాకా? తెలుగులో పంపొచ్చా? గడువెప్పుడు?" అంటే హాయిగా జవాబు చెప్తారు, ఎందుకంటే అది వాళ్ళ ఉద్యోగం. చెప్పింది అక్కడే రాసుకోండి. రాసుకునేవాళ్ళంటే అధికారులకి ఇష్టం.

గోవాలో ఫెస్టివల్‌తో పాటే 2007 నుంచి ఫిల్మ్ బజార్ జరుగుతోంది, ఈమధ్య వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. నిర్మాతలు, ఫెస్టివల్స్‌కి సినిమాలు ఎంచే ప్రోగ్రామర్లు, సినిమాలు కొనేవాళ్ళు చేరేది అక్కడ. దానికి పాస్ వేరు, ఖరీదూ ఎక్కువే. షార్ట్ ఫిల్మ్ మాత్రమే ఉన్నవాళ్ళు మొదటి ఏడాదే అంత పోసి వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం. పెద్ద సినిమాకి స్క్రిప్టు తయారయ్యాక, లేదా సగం తీసిన సినిమా చేతిలో ఉన్నప్పుడు వెళ్ళండి. అప్పటికి పాత క్యూ స్నేహితులు ఒకరిద్దరు లోపల ఉంటారు.

బైండు చేయించిన స్క్రిప్టు ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఆ మనిషి దాన్ని సాయంత్రం దాకా మొయ్యాలి, మోస్తూ మిమ్మల్ని తలుచుకుంటాడు.

రాత్రిళ్ళు

పార్టీకి పిలుపు వస్తే వెళ్ళండి, పిలుపు లేకుండా దూరకండి. వెళ్ళాక గోడ దగ్గర నిలబడి ఫోన్ చూస్తుంటే ఎవరూ రారు, తినే టేబుల్ దగ్గర నిలబడండి. ప్లేట్లు అందించండి. పళ్ళెం అందించిన మనిషితో మాట్లాడకుండా ఎవరూ పోలేరు, కోనసీమలో బంతి భోజనాల్లో వడ్డించిన వాళ్ళకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

మందు తాగనివాళ్ళు నిమ్మకాయ సోడా గ్లాసు చేతిలో ఉంచుకోండి, ఖాళీ చెయ్యి కనిపిస్తే ప్రతివాళ్ళూ "ఏం తీసుకుంటారు" అని అడుగుతూనే ఉంటారు. తాగేవాళ్ళు మీ ఊళ్ళో తాగినంత తాగకండి, అక్కడ మోసుకొచ్చే బావమరిది ఉండడు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో గదిలో ఉన్నవాళ్ళకి మెసేజ్ పెట్టండి. "నా గదికి రా, స్క్రిప్టు గురించి మాట్లాడదాం" అన్నవాడికి "రేపు పొద్దున కాఫీ దగ్గర మాట్లాడదాం సార్" అని చెప్పండి. నిజంగా స్క్రిప్టు కావలసినవాడు పొద్దున వస్తాడు. రాకపోతే మీకు పోయిందేమీ లేదు. గోవాలో బైకు టాక్సీవాళ్ళని పైలట్లంటారు, పగలు బాగానే ఉంటుంది. రాత్రి మాత్రం నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి, బస్సులు పొద్దుపోయాక పలచబడతాయి.

ఒకే గుంపులో మూడు పూటలూ ఉండిపోవడం మన తెలుగువాళ్ళ జబ్బు. తెలుగు వినపడగానే అటు పోతాం, అక్కడ అందరం కలిసి టాలీవుడ్‌ని తిట్టుకుంటాం. ఒక పూట చాలు. రెండో పూట మలయాళీల దగ్గరికి వెళ్ళండి. వాళ్ళకి తిరువనంతపురంలో డిసెంబరులో సొంత ఫెస్టివల్ ఉంది, ఆటో డ్రైవర్లతో సహా సినిమా గురించి వాదిస్తారు. అక్కడికి ఎలా పంపాలో వాళ్ళే చెప్తారు.

తిరిగొచ్చాక

రైల్లోనే కార్డులన్నీ పరిచి, ఒక్కోదాని వెనక ఆ మనిషితో ఏం మాట్లాడారో రాయండి. ఇంటికెళ్ళాక అంటే మర్చిపోతారు. వారం లోపు మెయిలు పెట్టండి, నాలుగు లైన్లు. ఎక్కడ కలిశారు, ఏం మాట్లాడుకున్నారు, పంపుతానన్నది ఇదిగో. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపారంటే మిమ్మల్ని దేవుడే కాపాడాలి. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి.

అసలు పని తర్వాత ఉంది. డూలన్ గాల్వేతో ఆగలేదు. లారీ మీద విప్పుకునే వంద సీట్ల సినిమా హాలుని ఐర్లండ్ పల్లెల్లో తిప్పిన సినీమొబైల్ అనే ప్రయత్నంలో ఆవిడ చెయ్యి ఉంది. టూరింగ్ టాకీసు డేరాల్లో నేల టికెట్టు కొన్న మా అమ్మమ్మ తరానికి అదేం వింత కాదు. గాల్వేలో మంచి సినిమాలు ఆడే హాలు కావాలని ఏళ్ళ తరబడి తిరిగి, 2018లో పాలాస్ అనే మూడు తెరల థియేటర్ తెరిపించినవాళ్ళలోనూ ఆవిడ ముందున్నారు. అప్పటికి ఆవిడ వయసు ఎనభై దాటింది.

కాబట్టి మీరూ మీ ఊళ్ళో ఒక షో పెట్టండి. సినిమా మనకి కొత్తేం కాదు. రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టి సినిమా తీశారు. మా పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ వెళ్ళారు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోతే ఊళ్ళవాళ్ళు మనిషి పోయినట్టు చూడ్డానికి వెళ్ళారు. తీయడానికి వచ్చేవాళ్ళకి చోటిచ్చాం, తియ్యడానికి మనుషుల్నిచ్చాం. తీసినవాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడే చోటు ఒకటి పెట్టుకుంటే తప్పేముంది?

కాలేజీ సెమినార్ హాలు చాలు. సినిమా హక్కులున్నవాళ్ళ అనుమతి మెయిల్లో రాయించుకోండి, నోటిమాట చాలదు. నాలుగైదు షోలు అయ్యాక ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్‌లో సభ్యత్వం గురించి కనుక్కోండి. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మొదలైన సంస్థ అది, సినిమాలు తెప్పించుకోవడానికి దారి దొరుకుతుంది. గోవా క్యూలో కలిసిన దర్శకుణ్ణి పిలవండి. హోటల్ ఖర్చు పెట్టలేకపోతే ఇంట్లో దింపండి, పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం పులస దొరికే కాలమైతే పులస, లేకపోతే చేపల పులుసు ఏదైనా. రైలు టికెట్టు మాత్రం మీరే తియ్యాలి, "వచ్చాక సెటిల్ చేద్దాం" అనకండి.

ఆ దర్శకుడు తర్వాత ఏ కమిటీలో కూర్చున్నా, ఎవరైనా "ఆంధ్రాలో అటువైపు సినిమా సంగతి ఎవరికి తెలుసు" అని అడిగితే చెప్పేది మీ పేరే. మీరు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

షో సాయంత్రం ఆరున్నరకి పెట్టండి, ఏడింటికి జనం వస్తారు. ముందు వరసలో ఊరి పెద్దల కోసం సోఫాలు వెయ్యకండి, వాళ్ళు సినిమా మధ్యలో లేచి వెళ్ళిపోతే అతిథి మనసు కష్టపడుతుంది. సన్మానం, శాలువా, ఉపన్యాసాలు అన్నీ సినిమా అయ్యాకే, పది నిమిషాలు దాటకుండా. ప్రొజెక్టర్ని మధ్యాహ్నమే ఒకసారి వెలిగించి, సబ్‌టైటిల్స్ చివరి వరసకి కనపడుతున్నాయో లేదో నడిచి వెళ్ళి చూడండి. వానాకాలమైతే జనరేటర్ మాట ముందే మాట్లాడుకోండి, డీజిల్ ఎవరు పోయించాలో కూడా అప్పుడే తేల్చుకోండి.